పటం వెనక పెన్సిలు గీత

ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. పెద్ద మేస్త్రీ మొదటి టీచరమ్మ బొమ్మకు పటం కట్టినప్పుడు, నూలు అట్ట వేశానని చెప్పి, సరుకుల పెట్టె ఒకటి చింపి ఆ మడతల అట్టను వెనక దూర్చాడు. అందులోని ఆమ్లం మెల్లగా కాగితంలోకి దిగింది. ఆ మహాతల్లి నుదుటి నుంచి గడ్డం దాకా గోధుమరంగు చారలు తేలాయి. సొంత తమ్ముడే విప్పి చూసి, పట్టుకుని, తప్పు దిద్దాడు. అన్న తలెత్తుకోలేక రెండేళ్లలో కన్నుమూశాడు.

ఈ కథ చెప్పేవాళ్లలో ఆ పటాన్ని వెనక్కి తిప్పి చూసినవారు ఒక్కరూ లేరు. వదంతిలో ఉన్న సుఖమే అది. దాన్ని విప్పి చూడమని ఎవరూ అడగరు.

గడిచిన వారం మేస్త్రీ కూతురిని పటం కట్టేవాళ్ల సంఘం గది మెట్ల దగ్గర వదిలాం. చంకలో దుప్పటి చుట్టిన పటం, చేతిసంచిలో సన్నబ్లేడు, పదకొండేళ్లుగా నూరుకుంటున్న పగ. లోపల అధ్యక్షుడి కుర్చీలో ఆ తమ్ముడే, ఆమె బాబాయి. ఆమె ఇంకా మెట్లెక్కలేదు. ఎక్కేముందు ఆ ఉదయం సంగతి ఒకటి చెప్పాలి.

ఉదయం, నాన్న తర్వాత ఆమె నడుపుతున్న దుకాణానికి గాజు పలకలు వచ్చాయి. ఆమె సంచి సర్దుకుంటూ ఉంటే, తెచ్చినవాడి చీటీ మీద అమ్మే సంతకం పెట్టింది. పేరు రాసి, కింద రెండు గీతలు గీసి, ఆ రెంటి మధ్య ఒక చుక్క. అమ్మ ముప్ఫై ఏళ్లు బడిలో స్టోరు చూసింది. సుద్దముక్కల డబ్బా దగ్గర్నుంచి బల్లల దాకా ఆ సంతకం లేకుండా ఏదీ కదిలేది కాదు. రిటైరై నాలుగేళ్లయినా చెయ్యి మానలేదు.

"ఆ చుక్క ఎందుకమ్మా? దిష్టి తగలకుండానా?" అన్నాడు గాజు తెచ్చినవాడు.

"ఎవడూ మధ్యలో ఇంకో వస్తువు ఇరికించకుండా," అంది అమ్మ నవ్వకుండా. అతను వెళ్లాక కూతురి సంచి వైపు చూసింది. "పోయినాయన్ని మళ్లీ ఎందుకే విప్పుతావు?"

"విప్పేది నాన్నను కాదమ్మా. పటాన్ని."

"నాకు రెండూ ఒకటే. వద్దన్నానా, వద్దంతే."

"పదకొండేళ్లుగా ఇదే మాట. వద్దెందుకో మాత్రం చెప్పవు."

అమ్మ చీటీ మడిచి డ్రాయరులో పెట్టింది. డ్రాయరు మూసింది. మూసిన తర్వాత కూడా దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

ఇక మెట్లెక్కుదాం.

సంఘం గది పెద్దది కాదు. పొడుగు బల్ల, దాని మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ, చుట్టూ ఇరవై కుర్చీల్లో సభ్యులు. గోడకి మాత్రం ఒకే పటం: పెద్ద మేస్త్రీ స్వయంగా రాసిన 'పన్నెండు కట్టుబాట్లు'. అట్టలో ఆమ్లం ఉండకూడదు. బొమ్మ అద్దాన్ని తాకకూడదు. అంటించడానికి నీటితో వదిలే పిండి జిగురే వాడాలి, టేపు కాదు. ఒకరు చేసిన పనిని ఇంకొకరు బొమ్మకు గాయం కాకుండా విప్పగలగాలి. బొమ్మ చేతికొచ్చినప్పుడు ఎలా ఉందో రాసి, ఇచ్చినవారి చేత సంతకం చేయించి, ఆ కాగితం లోపలే ఉంచాలి. ఇలా పన్నెండు.

వీటిని ఏ చట్టమూ అడగదు, ఏ అధికారీ తనిఖీకి రాడు. పటం కట్టించుకునేవారికైతే అసలు తెలియదు. వాళ్లు చూసేది ముందు వైపు, మేస్త్రీ మనసు తెలిసేది వెనక వైపు, ఆ రెంటికీ మధ్య అడ్డంగా ఒక బ్రౌను కాగితం. లోపల ఏం పెట్టినా ఇరవై ఏళ్ల దాకా ఎవరికీ కనబడని వృత్తి ఇది. అందుకే పెద్ద మేస్త్రీ ఎవరూ అడగని ఆ కట్టుబాట్లను రాసి, ముందుగా తనే సంతకం పెట్టాడు. ఇష్టపడ్డవాళ్లు తర్వాత పెట్టారు. పెట్టినవాళ్లకి ఫ్రేము మూలన కొట్టుకోవడానికి ఒక చిన్న నీలి బిళ్ల. అంతే లాభం, అంతే శిక్ష కూడా. మాట తప్పితే ఆ బిళ్ల ఊడుతుంది.

పదకొండేళ్ల కిందట పెద్ద మేస్త్రీ బిళ్ల ఊడింది. అదే గదిలో, అదే బల్ల ముందు, ఈ కట్టుబాట్ల పటం మూల నుంచే. ఊడబెరికింది తమ్ముడు.

"రా తల్లీ, రా," అన్నాడు బాబాయి ఆమెను చూడగానే. "అచ్చం మీ నాన్న నడకే. కాలికంటే ముందు అనుమానం పడుతుంది."

కుర్చీల్లో నవ్వులు పాకాయి. ఆమె నవ్వలేదు. పటాన్ని బల్ల మీద పెట్టి దుప్పటి విప్పింది. మొదటి టీచరమ్మ పెన్సిలు బొమ్మ. బడి పెట్టిన మనిషి, ఏనాడో ఒక విద్యార్థిని గీసింది. కళ్లలో ఇప్పటికీ ఎవరో లెక్క తప్పు చేసినట్టున్న చూపు. ఆ చూపు మీదుగా అడ్డంగా, సమాన దూరంలో, గోధుమరంగు చారలు. మూలన బాబాయి దుకాణపు నీలి బిళ్ల.

"ఏదైనా తెచ్చేముందు బడివాళ్లను అడగాలి కదమ్మా?" అన్నాడు బాబాయి.

"హెడ్‌మిస్ట్రెస్ గారు రాసిచ్చారు." ఆమె కాగితం ముందుకు జరిపింది. "పన్నెండో కట్టుబాటు కింద అడుగుతున్నాను. నీలి బిళ్ల ఉన్న ఏ పటాన్నైనా అందరి ముందు విప్పమని సభ్యులెవరైనా అడగవచ్చు, నేనూ సభ్యురాలినే. ఈ పటం మీద మీ బిళ్ల ఉంది. విప్పనిస్తారా?"

సంఘం కార్యదర్శి అద్దాలాయన. గాజు కొయ్యడంలో ఆయనకు సాటి లేరు, మాట కొయ్యడంలోనూ లేరు. ఆయన రికార్డు పుస్తకం తెరిచి కలం మూత తీశాడు. "అధ్యక్షుడు గారు కాదనవచ్చు. బలవంతం లేదు. కాదన్నారని ఇందులో రాస్తాను, అంతే."

ఆ కట్టుబాటుకున్న పదునంతా ఆ 'అంతే'లోనే ఉంది. పెద్ద మేస్త్రీ ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు. తలుపు తెరిచి ఉంచాడు, మూసుకున్నవాడి పేరు మాత్రం రాసుకొమ్మన్నాడు.

బాబాయి కుర్చీలో వెనక్కి వాలాడు. అరవై దాటిన మనిషి. చేతులు మాత్రం ఇంకా పనివాడి చేతులే. "నేనెందుకు కాదంటాను? దాచుకోవడానికి నా దగ్గరేముంది? విప్పు తల్లీ. నీ కడుపుమంట చల్లారితే చాలు."

ఆమె పదకొండేళ్లుగా ఎదురుచూసిన వాక్యం అది. అయినా బ్లేడు తియ్యలేదు. ఆ తొందర చిన్నప్పటిది. నాన్న పోయిన వారం బాబాయి గాజు కిటికీకి రాయి విసిరిన రోజుల నాటిది. ఇప్పటి పగ ఓపిక నేర్చుకుంది.

"విప్పేముందు, అప్పుడు మీరేం చేశారో ఒక్కసారి చెప్పండి బాబాయ్. పుస్తకంలోకి ఎక్కాలి."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావే?"

"నాకు వినడం సరదా."

అద్దాలాయన కలం కదిలింది. బాబాయి గొంతు సవరించుకుని, వెయ్యిసార్లు చెప్పిన మనిషి ధాటితో చెప్పాడు. "బడివాళ్లు అద్దం తుడవమని నా దుకాణానికి పంపారు. చారలు చూశాను. అనుమానం వచ్చింది. నా చేత్తో వెనక కాగితం కోసి విప్పాను. లోపల పెట్టె అట్ట. తీసి పారేశాను. నూలు అట్ట పెట్టి, కొత్త కాగితం అంటించి మూశాను. అన్న అని చూడలేదు. కట్టుబాటు కట్టుబాటే."

"మీ చేత్తోనే?"

"నా చేత్తోనే. ఈ రెండు చేతులతో."

"వెనక కాగితం కోసి?"

"కోయకుండా లోపలికి దూరడానికి నేనేమన్నా చెదపురుగునా?"

మళ్లీ నవ్వులు. ఆమె పుస్తకం తీసుకుని ఆయన ముందు పెట్టింది. "సంతకం పెట్టండి." ఆయన పెట్టాడు. అలవాటైన గర్వంతో, కలం కాగితంలో దిగేలా.

ఆమె లెక్క ఇదీ. బాబాయి విప్పాడు, నిజమే. విప్పినప్పుడు లోపల మంచి నూలు అట్టే చూశాడు, పక్కన బొమ్మ ఎలా ఉందో నాన్న రాసి పెట్టిన కాగితమూ చూశాడు. కావాలని పెట్టె అట్ట దూర్చి, కొన్నాళ్లు ఉంచి, మళ్లీ తీసి 'పట్టుకున్నాడు'. నాన్న కాగితాన్ని చింపేసి ఉంటే, లేదన్నదే సాక్ష్యం. మరిచిపోయి వదిలేసి ఉంటే అదే ఉరి. ఎటు తిరిగినా చిక్కుతాడు. రాత్రీ పగలూ ఈ లెక్కను ఎన్నిసార్లు సరిచూసుకుందో. ఒక్క అంకె మాత్రం ఎప్పుడూ సరిచూడలేదు. బాబాయి విప్పాడన్నది. శత్రువు చెప్పిన మాటైనా, మన కోపానికి పనికొస్తే పరీక్ష పెట్టకుండా నమ్మేస్తాం.

పటాన్ని బోర్లించింది.

మొదట ఆమెకే అర్థం కాలేదు. ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసింది. తలుపు తాళం తీయబోతే అది ముందే తీసి ఉన్నట్టు, అలా. వంగింది. వెనక కాగితం కొత్తది కాదు. ఎండిన ఆకు రంగుకు తిరిగిన కాగితం. దాని పై అంచున, ఫ్రేము చెక్క మీద మొదలై కాగితం మీదికి దిగిన ఒక పెన్సిలు గీత. కొంచెం వంకర. ఎడమ అంచున ఇంకొకటి. కుడిన, కింద.

నాన్న గీతలు. మూసిన తర్వాత ఆయన ప్రతి పటానికీ నాలుగు వైపులా చెక్క మీంచి కాగితం మీదికి చేత్తో ఒక గీత గీసేవాడు. అదే పదకొండో కట్టుబాటు. కాగితం కోస్తే గీత తెగుతుంది. కొత్త కాగితం అంటించి మళ్లీ గీసినా, చెక్క మీద మిగిలిన సగంతో ఆ వంకర కలవదు. "విప్పొద్దని కాదమ్మా," అనేవాడు. "విప్పినవాడు విప్పానని ఒప్పుకోవడానికి."

నాలుగు గీతలూ చెదరకుండా ఉన్నాయి.

"అద్దాలాయనగారూ," అంది. "మీ భూతద్దం తీసుకుని ఇలా రండి."

ఆయన వచ్చాడు. పై అంచు చూశాడు. కుడి అంచు చూశాడు. పటాన్ని కిటికీ వైపు తిప్పి, మధ్యాహ్నపు వెలుతురులో మిగతా రెండూ చూశాడు. వేలిగోటితో కాగితం అంచును తడిమాడు. తొందరేమీ పడలేదు.

"పెన్సిలు ఒత్తిడి చెక్కలో దిగినచోట ఆగకుండా కాగితంలోకి దిగింది," అన్నాడు చివరికి. "ఒకే చెయ్యి, ఒకే దెబ్బ. కాగితం కింద రెండో జిగురు లేదు. సన్నమేకుల తుప్పు మచ్చలు ఈ కాగితానికే పట్టాయి. ఒక వైపైతే యాదృచ్ఛికం అనుకుందాం. నాలుగు వైపులా అనుకోవడానికి చాలా పెద్ద మనసు కావాలి. నాకు లేదు." ఆయన బాబాయి వైపు తిరిగాడు. "అధ్యక్షుడు గారూ, చెదపురుగు సంగతి మళ్లీ ఒకసారి చెబుతారా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆమె బాబాయి ముఖం చూసింది. ఎన్ని రకాలుగా ఊహించుకుందో ఈ క్షణాన్ని! ఎర్రబడుతుందనుకుంది, అరుస్తాడనుకుంది. అలాంటిదేమీ జరగలేదు. ఆయన కళ్లు ఆ పై అంచు గీత మీద ఆగిపోయాయి. పదకొండో కట్టుబాటు దండగమారి పని అని, కొట్టేయాలని, ఈ గదిలోనే రెండుసార్లు తీర్మానం పెట్టిన మనిషి ఆయన. తన దుకాణంలో ఒక్కరోజైనా ఆ గీత గీయలేదు. తను గీయని గీత ఎదుటివాడి పటం మీద ఉంటుందన్న ఆలోచన పదకొండేళ్లలో ఒక్కసారీ రాలేదు.

"విప్పలేదు," అన్నాడు.

"గట్టిగా చెప్పండి. పుస్తకానికి వినబడలేదు," అంది ఆమె.

"విప్పలేదే! అద్దం తుడిచి, మూలన నా బిళ్ల కొట్టి పంపేశాను. చాలా?" ఆయన బల్ల మీద అరచేయి ఆనించాడు. "మీ నాన్న ఇదే బల్ల మీద నా పటం విప్పాడు, గుర్తుందా? నీకెలా గుర్తుంటుంది, పరికిణీల్లో ఉన్నావు. పిండి జిగురు ఉండాల్సినచోట టేపు ఉందని ఇరవై మంది ముందు పైకెత్తి చూపించాడు. చచ్చిన ఎలుకను తోక పట్టుకుని చూపించినట్టు. సొంత తమ్ముణ్ణి. పక్కకు పిలిచి చెబితే పోయేది కాదా? సరే, నాకూ రోజొచ్చింది. చారలు చూశాను. అవి మడతల అట్ట చారలని పుట్టుగుడ్డివాడు తడిమి చెబుతాడు. విప్పడం దేనికి? ఊహించాను."

"ఊహించి, చూశానన్నారు."

"ఊహించానంటే ఎవరు నమ్ముతారు?"

ఆ మాటకు అద్దాలాయన కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

ఆమె లోపల ఏదో వేడిగా, తియ్యగా పొంగింది. చాలు, ఇది చాలు. సంతకం ఉంది, సాక్షులున్నారు. రేపటికల్లా ఊరంతా తెలుస్తుంది. ఆమె చెయ్యి చాచి ఫ్రేము మూల నుంచి బాబాయి నీలి బిళ్లను బ్లేడు కొనతో పైకి లేపింది. నాన్న బిళ్లను ఎలా పెరికాడో అలాగే, మెల్లగా, మేకు కిర్రుమనేలా. అది బల్ల మీద పడి దొర్లుకుంటూ వెళ్లి ఆయన చేతికి తగిలి ఆగింది.

ఆయన దాన్ని చూడలేదు. ఆమెను చూస్తున్నాడు. ఆ చూపులో ఓడినవాడి బాధ కంటే లెక్క కట్టేవాడి నింపాది ఎక్కువగా ఉంది.

"నెగ్గావు తల్లీ. ఒప్పుకున్నాను. ఇప్పుడు నిదానంగా ఆలోచించు. ఈ పటాన్ని ఎవరూ విప్పలేదని ఇంతమంది ముందు నువ్వే రుజువు చేశావు. బాగుంది. మరి ఆ చారలు? అవి నా అబద్ధం కాదు కదా. నీ కళ్లెదుటే ఉన్నాయి. ఎవరూ విప్పకపోతే, లోపల ఉన్నది మీ నాన్న పెట్టిందే. ఇంకెవరిదీ కావడానికి లేదు."

ఆమె చేతిలో బ్లేడు ఉన్నట్టుండి చల్లగా తగిలింది.

లెక్కలో తప్పు లేదు. ఇన్నాళ్లూ ఆమెకు బాబాయి చెయ్యి కావాలి. ఆ చెయ్యి లోపలికి దూరిందనుకున్నంత కాలం నాన్నకు దాక్కోవడానికి చోటుండేది. ఆ చోటును ఇప్పుడు తనే మూసేసింది, నాలుగు వైపులా, భూతద్దం పెట్టి మరీ.

"ఇంకోటి," అన్నాడు బాబాయి. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "నేను అబద్ధం చెప్పాను. మీ నాన్నకు తెలుసుగా అది అబద్ధమని? ఆయన గీత ఆయనకు గుర్తుండదా? 'పటం తెండిరా, గీత చూడండి' అని ఒక్క మాట అంటే ఆ రోజే నా పని అయిపోయేది. అదే భయంతో నేను మూడు రాత్రులు నిద్రపోలేదు. ఆయన అనలేదు. బిళ్ల ఊడబెరుకుతుంటే తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు లేనివాడు అలా ఎందుకు నిలబడతాడే? పదకొండేళ్లుగా నన్నే నమిలి మింగుతున్నావు. ఆ ప్రశ్న ఎప్పుడైనా ఇంట్లో అడిగావా?"

డ్రాయరు మీంచి తియ్యని అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో తెలియలేదు.

"ఒక మాట చెబుతాను, విను," అన్నాడాయన. "ఇక్కడితో ఆపు. నేను అబద్ధమాడానని రాయించు. కుర్చీ దిగిపోతాను, ఈ పూటే. నీ పగ తీరింది. పటం తీసుకెళ్లి గోడకు తగిలించు. లోపలేముందో ఎవరికీ తెలియనక్కర్లేదు. నిన్ను విప్పమని ఎవరు అడుగుతున్నారిక్కడ? ఏం, అద్దాలాయనా? ఎవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదు," అన్నాడు అద్దాలాయన పుస్తకంలోంచి తలెత్తకుండా. "బలవంతం లేదు. ఎప్పుడూ లేదు."

ఆమె గోడ మీది పటం వైపు చూసింది. నాన్న దస్తూరి. పన్నెండు వాక్యాలు, చివర ఆయన సంతకం, అన్నిటికంటే ముందుది. ఎవరూ అడగని పని. ఆ కాగితం బతికిందే ఆ మూడు మాటల మీద. అడిగితే చేసేవాళ్లు లోకంలో కొల్లలు, వాళ్ల కోసం ఎవరూ కట్టుబాట్లు రాసి గోడకు తగిలించనక్కర్లేదు. బాబాయిని పడగొట్టడానికి ఆ పన్నెండిట్లో ఒకదాన్ని రాయిలా వాడుకుంది. తన వంతు వచ్చేసరికి దాన్ని కింద పడేసి ఇంటికి పోతే, పదకొండేళ్ల కిందట ఊహించి, చూశానన్న మనిషికీ తనకూ తేడా ఏముంది? ఆయన చూడకుండా దోషి అన్నాడు. తను చూడకుండా నిర్దోషి అంటుంది.

లోపల పెట్టె అట్టే ఉంటే?

ఉంటే ఉంది.

బ్లేడును పై అంచున, గీతకు సరిగ్గా అడ్డంగా పెట్టింది. నాన్న పెన్సిలు రెండు ముక్కలైంది. కాగితం చిన్నగా నిట్టూర్చి విడిపోయింది. మిగతా మూడు వైపులూ కోసి, కాగితాన్ని చుట్టగా పైకి తీసింది. సన్నమేకులు ఒక్కొక్కటే వెనక్కి వంచింది. వెనక అట్ట అంచు కింద వేళ్లు పెట్టి లేపింది.

తెల్లగా ఉంది. కత్తి కోసిన అంచున కూడా, లోపలి పొరలదాకా, పాలమీగడ తెలుపు.

అద్దాలాయన తన జేబులోంచి పరీక్ష పెన్ను తీసి ఇచ్చాడు. ఆమ్లముంటే గీత పసుపుపచ్చగా తేలుతుంది, లేకపోతే ఊదాగా. ఆమె అట్ట మూలన గీసింది. ఊదా. మధ్యలో గీసింది. ఊదా. బొమ్మ ముందు వేసిన మౌంటు అట్ట అంచున గీసింది. ఊదా, ఊదా, ఊదా. నేరేడు పండు కొరికిన నాలుక మీద ఉండేంత ఊదా.

"నూలు అట్ట," అన్నాడు అద్దాలాయన. మేస్త్రీ బిళ్ల ఊడాలని ఆయనా ఆ రోజు ఈ గదిలో చెయ్యెత్తినవాడే. "కడిగిన ముత్యంలాంటి నూలు అట్ట. పద్దెనిమిదేళ్ల కిందట మేస్త్రీ స్వహస్తాలతో పెట్టింది."

కుర్చీలు కదిలాయి. ఎవరో 'అయ్యో' అన్నారు. బాబాయి లేచి నిలబడ్డాడు. బల్లకు ఇటు పక్కకు వచ్చి, అట్టను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. నటన కాదది. ఇరవై మందిలో అందరికంటే ఆశ్చర్యపోయినవాడు ఆయనే.

"మరి చారలు?" అన్నాడు. అడిగింది ఆమెను కాదు, అన్ననే అన్నట్టు. "మరి ఆ చారలెక్కడివి అన్నా?"

అప్పుడు కనిపించింది. బొమ్మ వెనక, కింది మూలన, ఒక్క చుక్క పిండి జిగురుతో తగిలించిన చిన్న కాగితం, సగానికి మడిచినది. ఎనిమిదో కట్టుబాటు. చేతికొచ్చినప్పుడు బొమ్మ ఎలా ఉందో, ఎవరు ఇచ్చారో.

ఆమె మడత విప్పింది. కింది సగం ముందు తెరుచుకుంది.

'బొమ్మ అప్పగించినవారు' అని నాన్న దస్తూరిలో ఉంది. దాని ఎదురుగా ఒక సంతకం. సంతకం కింద రెండు గీతలు. గీతల మధ్య చుక్క.

మనసు ఒప్పుకునే లోపలే కళ్లు చదివేశాయి. బడి స్టోరు. ఆ స్టోరులోని అరలు, అరల మీద మడతల అట్ట పెట్టెలు, ఆ పెట్టెల మీద ఏళ్ల తరబడి ఆన్చి ఉంచిన ఒక బొమ్మ. అమ్మ ముప్ఫై ఏళ్ల ఉద్యోగం, నాన్న బిళ్ల ఊడిన రోజుకు ఇంకా ఏడేళ్లు మిగిలి ఉన్న ఉద్యోగం. ఒక మాట అంటే నాన్న బయటపడి ఉండేవాడు. ఆ మాట అనకుండా తల వంచుకుని నిలబడ్డాడు. అనలేదు కానీ, రాయడం మాత్రం మానలేదు. సొంత భార్య చేత సంతకం పెట్టించి మరీ రాశాడు.

పోయినాయన్ని మళ్లీ ఎందుకే విప్పుతావు?

"ఏముందమ్మా అందులో?" అన్నాడు అద్దాలాయన, కలం పుస్తకం మీద ఆనించి. "మొత్తం చదువు. పైనుంచి కిందిదాకా. ఒక్క అక్షరం వదలకుండా ఎక్కిస్తాను."

బాబాయి ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఇరవై మంది చూస్తున్నారు. కాగితం మీద ఉన్నది నాలుగే వాక్యాలు, అమ్మ స్టోరు సంగతి నాలుగోదానిలో. మూడు చదివి ఆపేయవచ్చు. ఎవరూ బలవంతం చెయ్యరు.

ఆమె బొటనవేలు నాలుగో వాక్యం మీదికి జరిగింది. అక్కడే ఉండిపోయింది. మొదటి వాక్యం మాత్రం గది నలుమూలలా వినబడేలా చదివింది.

"ఈ బొమ్మ నా దుకాణానికి వచ్చేసరికే దీని మీద పదమూడు చారలు ఉన్నాయి."